సాల్మన్ వాగుల పునరుద్ధరణ: వాలంటీర్ల సంస్థలకు ప్రజాధనం ఇవ్వాలా?

సమామిష్ వాసి (చర్చ ప్రారంభం)

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్లలో కొందరు శనివారాల్లో వాగుల ఒడ్డున మొక్కలు నాటడానికి వెళ్తున్నారు. సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చిన సాల్మన్ చేపలు కంకరలో గుడ్లు పెట్టే ఆ వాగులకు మళ్లీ నీడ కల్పించడం ఈ పని ఉద్దేశం. దీన్ని నడిపించేవి ఎక్కువగా లాభాపేక్ష లేని సంస్థలు. 1990లో రాష్ట్ర శాసనసభ చొరవతో ఏర్పడిన 14 ప్రాంతీయ మత్స్య వృద్ధి బృందాలూ ఆ కోవలోవే, వాటికి ప్రజాధనం కూడా అందుతుంది. ప్యూజెట్ సౌండ్‌లోని చినూక్ రకం సాల్మన్‌ను 1999లో ముప్పున్న చేపగా ప్రకటించి పాతికేళ్లు దాటినా అది కోలుకోలేదు. ఈ సొమ్మంతా మొక్కల మీద కాక, చేపల దారిని మూసేస్తున్న కల్వర్టుల మీద పెట్టడమే మేలని నా అభిప్రాయం. మీరేమంటారు?

బేర్ క్రీక్ పక్కన

కల్వర్టులు ముఖ్యమే, కాదనను. చేపల వేటలో, అమెరికా ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్న ఇక్కడి ఆదివాసీ తెగలకు సగం వాటా ఉందని న్యాయమూర్తి బోల్ట్ 1974లో తీర్పు ఇచ్చారు. చేపలే రాకుండా దారి మూసేస్తే ఆ వాటాకు అర్థం లేదన్న తెగల వాదనను అంగీకరించి, 2013లో ఫెడరల్ కోర్టు కల్వర్టులను మార్చమని రాష్ట్రాన్ని ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు 4-4గా చీలిపోవడంతో ఆ ఆదేశమే నిలిచింది. గడువు 2030, ఖర్చు వందల కోట్ల డాలర్లు. వాలంటీర్ల సంస్థలకు అందేది మొత్తం తీసుకెళ్లి అందులో పోసినా పెద్ద తేడా ఏమీ రాదు.

పైగా ఆ ఆదేశం రాష్ట్ర రహదారుల కింది కల్వర్టులకే వర్తిస్తుంది. అదే వాగు మీద కౌంటీ (జిల్లా లాంటిది) రోడ్డు కిందో, ఎవరి సొంత బాట కిందో ఇంకో తూము అడ్డంగా ఉంటే చేప అక్కడ ఆగిపోతుంది. ఆ స్థలం యజమానిని ఒప్పించే పని తరచుగా ఈ చిన్న సంస్థలదే అవుతుంది. ప్రభుత్వ వాహనాన్ని చూస్తే గేటు తీయని మనిషి, పక్క వీధి నుంచి వచ్చిన వాలంటీరుతో మాత్రం కాసేపు నిలబడి మాట్లాడతాడు.

తడిమట్టి

ఒప్పించడం వరకు వాలంటీర్లు సమర్థులే, నాటడం దగ్గరే నాకు పేచీ ఉంది. ఇక్కడ నాట్లు వానలు పడే అక్టోబరు నుంచి మార్చి దాకా సాగుతాయి, జనం కూడా అప్పుడే ఉత్సాహంగా వస్తారు. అసలు పరీక్ష జులై, ఆగస్టుల్లో ఉంటుంది. అప్పటికి వాన ఉండదు, హిమాలయన్ బ్లాక్‌బెర్రీ ముళ్లపొదలూ రీడ్ కెనరీ గడ్డీ మనిషి ఎత్తున పెరిగి కొత్త మొక్కలను కప్పేస్తాయి. (ఆ ముళ్లపొదకు హిమాలయాలతో సంబంధమేమీ లేదు, పేరే అది.) మొక్క నిలదొక్కుకోవాలంటే మొదటి కొన్ని వేసవులు కలుపు తీయాలి, అవసరమైతే నీళ్లు పోయాలి, బీవర్లూ (చెట్లను కొరికే నీటి జంతువులు) జింకలూ కొరకకుండా కంచె కట్టాలి. ఫొటోలు ఉండని ఆ పనికి పది మంది రావడం కూడా కష్టమే. నివేదికలో మాత్రం "ఇన్ని వేల మొక్కలు నాటాం" అనే ఉంటుంది, మూడో ఏడు ఎన్ని బతికాయో ఉండదు. రెడ్ సెడార్ చెట్టు పెరిగి వాగు మీద నీడ పరచడానికి దశాబ్దాలు పడుతుంది కనుక, సంస్థ ఈ లోపల ఏం చేసిందో అడిగేవారూ ఉండరు.

పశ్చిమ సియాటిల్‌లోని లాంగ్‌ఫెలో క్రీక్ సంగతి కూడా చూడండి. వాగును బాగుచేశారు, కోహో రకం సాల్మన్ తిరిగి వచ్చింది. కానీ వాన కురిసిన తర్వాత ఆడచేపలు గుడ్లు పెట్టకముందే గిలగిలా కొట్టుకుని చనిపోసాగాయి. కారుటైర్లలోని ఒక రసాయనం ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అనే విషంగా మారి, రోడ్డు మీది వాననీటితో వాగులో చేరుతోందని 2020లో గానీ తేలలేదు. ఒడ్డున ఎన్ని మొక్కలు నాటితే ఆ విషం ఆగుతుంది?

బేర్ క్రీక్ పక్కన

ఒడ్డు మీది మొక్కలతో ఆగదు, రోడ్డు నీటిని మట్టి, కంపోస్టు కలిపిన వడపోత గుంటల్లోకి మళ్లిస్తే ఆగుతుంది. అయితే శరత్కాలంలో ఆ వాగు వెంట నడిచి, చచ్చిన కోహోలను లెక్కపెట్టి, పొట్ట కోసి గుడ్లు అలాగే ఉన్నాయా అని చూసి రాసుకునేవారిలో వాలంటీర్లూ ఉన్నారని మరవకండి. వాగును ఏళ్ల తరబడి విడవకుండా చూడటానికి జీతమిచ్చి ఎంతమందిని పెట్టగలం?

చట్టం ముందు

మీరిద్దరూ అసలు అడ్డంకిని పక్కన పెడుతున్నారు. వాగు ఒడ్డున పొలం చివరి అంగుళం దాకా దున్నే హక్కును ముట్టుకోకుండా, "ఇష్టమున్నవారు చెట్లు పెంచండి" అనడమే ఇన్నాళ్ల విధానం. స్వినోమిష్ తెగ నాయకురాలు లొరైన్ లూమిస్ పేరుతో 2022లో వచ్చిన బిల్లు ఒడ్డు వెంబడి చెట్ల పట్టీని తప్పనిసరి చేయబోయింది. రైతు సంఘాలు వ్యతిరేకించాయి, బిల్లు ఆగిపోయింది. వాలంటీర్ల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. ఆ శ్రమను చూపించి శాసనసభ్యులు చట్టం చేసే బాధ్యత నుంచి తప్పించుకోవడాన్నే తప్పుపడుతున్నాను.

సమామిష్ వాసి

అలాగైతే నిధులు ఆపమని అనను, షరతు మార్చమంటాను. నాటిన మొక్కకు కాకుండా, అయిదో ఏట బతికి ఉన్న మొక్కకు డబ్బు ఇవ్వాలి. వేసవి కలుపు పనికి జీతం ఇచ్చి కుర్రాళ్లను పెట్టుకునే వీలు కూడా అందులోనే ఉండాలి.

తడిమట్టి

ఆ షరతుకు నేను సరే. అయిదేళ్లు ఆగగలిగే పొదుపు చిన్న సంస్థల దగ్గర ఉండదు కనుక సగం ముందే ఇవ్వాల్సి ఉంటుంది. మిగతా సగం ఇచ్చే ముందు బతికిన మొక్కలను లెక్కపెట్టేది ఆ సంస్థ మనిషి కాకూడదు.