ఫ్లైబాయ్స్ సబ్‌టైటిల్స్: సగం నుంచి 4 సెకన్ల తేడా, సరిచేయడం ఎలా?

1916లో, అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, ఫ్రాన్స్ తరఫున పోరాడిన అమెరికన్ స్వచ్ఛంద పైలట్ల దళం లఫాయెట్ ఎస్కడ్రిల్ ఆధారంగా 2006లో వచ్చిన ఫ్లైబాయ్స్ సినిమాకు నేను తెలుగు సబ్‌టైటిల్స్ రాశాను. కథానాయకుడు రాలింగ్స్‌కు ఫ్రెంచి, అతను ప్రేమించే ఫ్రెంచి యువతి లూసియెన్‌కు ఇంగ్లీషు సరిగా రావు కాబట్టి వారి ప్రేమకథంతా తడబడే మాటల మీదే నడుస్తుంది. అక్కడ ఒక్క వాక్యం ముందుగా కనిపించినా సన్నివేశం చెడిపోతుంది.

నేను ఆధారంగా తీసుకున్న ఇంగ్లీషు ఎస్‌ఆర్‌టీ ఫైలు (సబ్‌టైటిల్ వాక్యాలు, అవి కనిపించే సమయాలు ఉండే ఫైలు) సెకనుకు 25 ఫ్రేముల వీడియోకు చేసినది, నా వీడియో 23.976 ఫ్రేములది. అందువల్ల మాటల కంటే అక్షరాలు 10వ నిమిషంలో 25 సెకన్లు, 60వ నిమిషంలో దాదాపు 2 నిమిషాల 27 సెకన్లు ముందే వచ్చేవి. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలతో అన్ని వాక్యాలనూ ఒకే మేరకు జరిపి చూశాను. తేడా పెరుగుతూ పోయేది కనుక ఫలితం లేకపోయింది. తరువాత సబ్‌టైటిల్స్ సరిదిద్దే సాఫ్ట్‌వేర్ సబ్‌టైటిల్ ఎడిట్‌లో ఫ్రేమ్ రేటును 25 నుంచి 23.976కు మార్చగా 70వ నిమిషం వరకు అన్నీ చక్కగా కుదిరాయి. అయితే అక్కడి నుంచి చివరిదాకా ప్రతి వాక్యమూ సరిగ్గా 4 సెకన్లు ముందే వస్తోంది, ఆ తేడా పెరగడమూ లేదు, తగ్గడమూ లేదు. బహుశా రెండు ప్రతుల్లో ఆ చోట కోత వేరుగా ఉండి ఉంటుంది. మొత్తం ఫైలును 4 సెకన్లు జరిపితే మొదటి సగం పాడవుతోంది.

సబ్‌టైటిల్ ఎడిట్‌లో మొదటి భాగాన్ని కదల్చకుండా, ఎంచుకున్న ఒక వాక్యం నుంచి చివరి వరకు ఉన్నవాటిని మాత్రమే 4 సెకన్లు ఆలస్యంగా వచ్చేలా జరపడానికి ఏ అమరిక వాడాలి?