1870కి ముందున్న పూర్వీకులను వెదకడం ఎలా? (జార్జియా రాష్ట్రం)

తెనాలి తాతయ్య:
అందరికీ నమస్కారం. అట్లాంటాలో ఉంటున్న మా మనవరాలిని బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మా వైపు ఏడు తరాల పేర్లు నేనే చెప్పి రాయించాను. మా అల్లుడు ఆఫ్రికన్ అమెరికన్. వారి వైపు వెదుక్కుంటూ వెళితే 1870 జనాభా లెక్కల్లో, జార్జియాలోని ఒక పల్లెలో, పొలం కూలీగా నమోదైన ఒక యువకుడు, అతని భార్య కనిపించారు. వారు మా అల్లుడికి ఐదో తరం పూర్వీకులు. అంతకు ముందు ఏమీ దొరకలేదు. పాప ఆ ఖాళీని చూసి, "తాతయ్యా, వీళ్లకు అమ్మానాన్నలు లేరా?" అని అడిగింది. ఇంకా వెనక్కి వెళ్లే దారి ఉందా? వారు ఎలా బతికారో తెలిపే కాగితాలేమైనా ఉంటాయా?

గ్రంథాలయ ఉద్యోగిని, ఒహాయో:
తాతయ్యగారూ, ఆ ఖాళీ మీ వెదుకులాటలోని లోపం కాదు. బానిసత్వం నుండి విడుదలైన వారిని పేరుపేరునా నమోదు చేసిన మొదటి జాతీయ జనాభా లెక్క 1870 నాటిదే. 1850, 1860లలో బానిసల కోసం వేరే పట్టికలు ఉండేవి. వాటిలో యజమాని పేరు కింద వయసు, స్త్రీయా పురుషుడా అన్నది, ఒంటి రంగు మాత్రమే రాసి, ఆ మనుషుల పేర్లను దాదాపు ఎక్కడా రాయలేదు. మనిషిని లెక్కపెట్టి పేరు వదిలేసిన ఆ పట్టికలను చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

అయినా దారులున్నాయి. 1867లో జార్జియాలో ఓటర్లను నమోదు చేసినప్పుడు నల్లజాతి పురుషుల పేర్లు కూడా రాశారు కనుక, ముందు ఆ జాబితా చూడండి. విడుదలైన బానిసల కోసం పెట్టి, 1865 నుండి 1874 వరకు నడిపిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకుకు అగస్టా, సవన్నా, అట్లాంటాలలో శాఖలు ఉండేవి. ఖాతా తెరిచినవారి తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు, ఒక్కోసారి పాత యజమాని పేరు కూడా ఆ పుస్తకాల్లో ఉంటాయి. యజమాని ఎవరో తెలిస్తే, అతని వీలునామానూ మరణానంతరం వేసిన ఆస్తుల జాబితానూ కౌంటీ కోర్టు దస్త్రాల్లో వెదకాలి. గుర్రాలు, నాగళ్ల పక్కనే మనుషుల పేర్లు వెలకట్టి రాసి ఉంటాయి. పాపకు చూపించే ముందు మీరు ఒకసారి చదవండి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఫలానా భూస్వామే యజమాని అనుకోవద్దు. విడుదలైనవారిలో చాలామంది వేరే ఇంటిపేర్లు పెట్టుకున్నారు.

అగస్టా నివాసి:
బతుకు సంగతి నేను చెబుతాను. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనవి జార్జియా ఆస్తి పన్ను పుస్తకాలు. ఇంట్లోని సామాను, వంటసామాను, పశువులు, పనిముట్లు ఎన్ని డాలర్లు చేస్తాయో ఏటేటా రాసేవారు కనుక, ఒక కంచరగాడిద ఏ సంవత్సరం ఆ ఇంటికి వచ్చిందో, ఏ సంవత్సరం చేజారిపోయిందో కూడా తెలుస్తుంది. ఆయన సొంతంగా సాగు చేసి ఉంటే 1880 వ్యవసాయ పట్టికలో ఎన్ని ఎకరాలు, ఎన్ని పత్తి బేళ్లు, భూమి సొంతమా, రొక్కం కౌలా, పంటలో పాలా అన్నది కూడా ఉంటుంది. 1890 జనాభా లెక్కల కోసం సమయం వృథా చేయకండి. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో వాటిలో చాలా భాగం పాడైపోయింది. 1900 పుటలో మాత్రం తల్లి ఎందరు బిడ్డలను కన్నది, ఎందరు జీవించి ఉన్నారు అనే రెండు గళ్లు తప్పక చూడండి.

తెనాలి తాతయ్య:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 1900 పుట మా దగ్గర ముందే ఉంది, కానీ ఆ గళ్లు మేము గమనించలేదు. నిన్న రాత్రి మా అల్లుడు ఫోన్‌లో చదివి వినిపించాడు. 1870 లెక్కల్లో కనిపించిన ఆ యువకుడి భార్య తొమ్మిది మందిని కన్నది, ఐదుగురు మిగిలారు. పాప గీసిన చెట్టులో ఐదు కొమ్మలే ఉన్నాయి. ఇంకో నాలుగు కొమ్మలు గీసి, పేర్లు దొరికే వరకు వాటిని ఖాళీగా ఉంచమని చెప్పాను. ఈ వారం 1867 ఓటర్ల జాబితాతో మొదలుపెడతాము.