‘వేషం’ వేస్తే మెప్పు, ‘వేషాలు’ వేస్తే తిట్టు: ఎందుకిలా?

మా విజయనగరం వైపు ‘వేషం’ అన్న మాటకు ఏకవచనంలో ఒక మర్యాద ఉంది. బహువచనంలోకి వెళ్లగానే అది పోతుంది. ‘కృష్ణుడి వేషం కట్టాడు’ అంటే ఊరంతా మెచ్చుకుంటుంది. ‘ఏటిరా ఆ ఏసాలు’ అంటే మాత్రం వీపు జాగ్రత్త అని అర్థం. (పల్లెల్లో వకారం జారిపోయి ‘ఏసం’, ‘ఏసాలు’ అనే వినిపిస్తుంది.) ఇది వేషంతో ఆగదు. మాట ఇచ్చినవాణ్ణి నమ్ముతాం, మాటలు చెప్పేవాణ్ణి నమ్మం. కబురు వస్తే లేచి వెళ్తాం, కబుర్లయితే కాళ్లు చాపుకుని కూర్చుంటాం. నీతి ఉన్నవాడు వేరు, నీతులు చెప్పేవాడు వేరు. కథ, కథలు. రాగం, రాగాలు. తెలుగు బహువచనం చాలాచోట్ల లెక్క పెంచి విలువ దించుతుంది.

ఇదంతా ఎందుకు ఎత్తానంటే, మా మేనల్లుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. కొత్తవాళ్ల ముందు వాడికి నోరు పెగలదు. ఎలా పట్టుకున్నాడో గానీ, టీవీలో వార్తలు చదివేవాళ్ల గొంతు పట్టుకున్నాడు. శృంగవరపుకోటలో ఒక పెళ్లికి వెళ్లాం. బంతిలో పక్కన కూర్చున్న పెద్దాయన ‘ఏటి చదువుతున్నావు బావూ’ అని అడిగారు. వీడు వెన్ను నిటారు చేశాడు. విస్తరి ముందు రెండు చేతులూ కాగితాలు సర్దుతున్నట్టు సర్ది, ‘ప్రస్తుతం తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. సోషల్‌లో మాత్రం ఆశించిన మార్కులు రాలేదు’ అన్నాడు. పెద్దాయన మురిసిపోయి ఇంకా ఏవేవో అడిగారు, అన్నిటికీ జవాబు వచ్చింది. అదే గొంతుతో బడిలో జవాబు చెబితే ‘వేషాలెయ్యకు, మామూలుగా మాట్లాడు’ అన్నారట. మామూలుగా అంటే వాడికి అసలు మాటే రాదు. నాకు చాలా బాధనిపించింది.

నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెప్పింది: ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (దుస్తులు, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం ఒంటిమీద కనిపించడం). సాత్త్విక భావాలు ఎనిమిదీ వరసగా చూడండి. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారిపోవడం, వణుకు, మొహం పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. సభాకంపం ఉన్న పిల్లవాణ్ణి పదిమంది ముందు నిలబెడితే చివరిది తప్ప అన్నీ కనిపిస్తాయి! నటుడు ఏళ్ల తరబడి సాధన చేసి రప్పించుకునేవి వీడికి పిలవకుండానే వస్తాయి, పొమ్మంటే పోవు. చేతిలో ఉన్నవి వాచికం, ఆంగికం. ఆ రెండూ ఒకరి దగ్గర అరువు తెచ్చుకుని నిలబడుతున్నాడు. ఆహార్యం అక్కర్లేదు. హరికథ పెరిగిన ఊరివాళ్లం, మనకిది కొత్తా? కథకుడికి అదే పట్టుపంచె, అదే దండ, అవే చిరతలు. గొంతు మారితే యముడు, మళ్లీ మారితే సావిత్రి. 1919లో ఇక్కడ పెట్టిన విజయరామ గాన పాఠశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు గారు ఒక్కరే అన్ని పాత్రలూ అయి సభలను ఊపేశారు.

అందుకని మా వాడు వేస్తున్నది వేషం, వేషాలు కాదు అంటాను. మీరేమంటారు?

బొబ్బిలి నుంచి:
మాస్టారూ, మా నాన్నగారు పదిమందిలో మాట్లాడలేని మనిషి. కానీ పండగలకి రాయబారం సీను వేస్తే కృష్ణుడు ఆయనే. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దమనుషులు కూర్చున్నప్పుడు మొదట ఆయన నోట ఒక్క ముక్క రాలేదు. కాసేపటికి లేచి, ఉత్తరీయం ఎడం భుజం మీదికి వేసుకున్నట్టు తువ్వాలు వేసుకుని, ‘ఇవ్వదలిస్తే ఇవ్వండి, లేదంటే లేదని చెప్పండి’ అన్నారు. పద్యం పాడలేదు. కానీ ‘ఏర్పడఁ జెప్పుము కౌరవేశ్వరా’ అనే ముందు హార్మోనియం కోసం ఎక్కడ ఆగేవారో సరిగ్గా అలాగే ఆగి మరీ అన్నారు. మా పెద్దనాన్న కూడా ఆ నాటకం చూసినవాడే, తల దించుకున్నాడు. ఆ ‘ఏర్పడ’ అంటే స్పష్టంగా అని. తిరుపతి వేంకట కవుల పద్యం మా ఇంట్లో భూమి తగువుకి పనికొచ్చింది. దాన్ని వేషాలు అని ఎవరూ అనలేదు.

పార్వతీపురం నుంచి:
మీ సూత్రం పూర్తిగా నిలవదు మాస్టారూ. ‘వాడు నాటకం ఆడుతున్నాడు’ అన్నప్పుడు ఏకవచనమే, అయినా తిట్టే. ‘దొంగ వేషం’ కూడా అంతే.

జవాబు:
నిజమే. అయితే అక్కడ క్రియను కూడా చూడాలి. ‘నాటకం వేశారు’ అంటే ఎవరికీ కోపం రాదు. ఒంటరి మనిషికి ‘ఆడుతున్నాడు’ చేర్చినప్పుడే నింద వస్తుంది. వేషానికి ‘వేయు’, ‘కట్టు’ రెండూ ఉన్నాయి. ‘వేషాలెయ్యకు’ అని ఇంటింటా వింటాం. ‘వేషాలు కట్టకు’ అని ఎవరైనా తిట్టగా నేను వినలేదు. ‘కట్టు’లో శ్రమ ఉంది, సిద్ధం కావడం ఉంది, అందుకే అది తిట్టుకు లొంగలేదని నా ఊహ. ఇక ‘దొంగ వేషం’లో తప్పంతా దొంగదే, వేషానిది కాదు.

విజయనగరం కోట వీధుల నుంచి:
ఈ ఊళ్లో ఉండి గిరీశాన్ని వదిలేశారేమిటి? పరాయి మాటలతో నెట్టుకొచ్చేవాళ్లలో అతన్ని మించినవాడెవడు?

జవాబు:
వదల్లేదు, ఎవరైనా అడుగుతారనే ఆగాను. 1892లో ఇదే ఊళ్లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో గురజాడ వారు మళ్లీ పెంచి రాసిన ‘కన్యాశుల్కం’లో మనకు కావలసిన సన్నివేశం ఒకటుంది. పట్నంలో చదువుకుంటున్న కొడుకు వెంకటేశం, చదువు చెప్పే గిరీశాన్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. తల్లి వెంకమ్మ ముచ్చటపడి, ఇద్దరూ ఒకసారి ఇంగ్లీషులో మాట్లాడుకోండి బాబూ, వింటాను అంటుంది. గిరీశం ‘ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్’ అందుకుంటాడు. వెంకటేశం పాఠంలో బట్టీపట్టిన ముక్కేదో వదులుతాడు. అటునుంచి ఇంకో పద్యం, ఇటునుంచి ట్రెపీజియం భుజాల గురించి రేఖాగణితం. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన లేదు. ఉన్నదల్లా సంభాషణ వరస: ఒకరు అనడం, ఇంకొకరు అందుకోవడం, ఆ ఎత్తుపల్లాలు. తల్లి కడుపు నిండిపోతుంది.

చదివిన ప్రతిసారీ నవ్వు వస్తుంది, ఆ వెంటనే ఆలోచనా వస్తుంది. నాకు గిరీశం మీద కోపం వస్తుంది, వెంకటేశం మీద రాదు. పూటకూళ్లమ్మ దగ్గర 20 రూపాయలు పట్టుకెళ్లి వేరేచోట ఖర్చుపెట్టినవాడి మాటలు పక్కవాణ్ణి ముంచడానికి. అవి వేషాలు, సందేహం లేదు. పిల్లవాడు మాత్రం అమ్మ ముందు చిన్నబోకుండా ఉండడానికి నోటికొచ్చిన పాఠాన్ని పట్టుకున్నాడు. ఇద్దరి నోటా అరువు మాటలే. ఎవరి కోసం, దేనికోసం అన్నదగ్గరే తేడా. ‘ఉదర నిమిత్తం బహుకృత వేషః’ అని తేల్చేసేవాళ్లు ఈ తేడా చూడరు.

పలాస నుంచి:
అన్నయ్యగారూ, మీ మేనల్లుడి గురించి చదివి రాస్తున్నాను. నాకు ఆటిజం ఉందని ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఎవరితో ఎంతసేపు, ఎలా మాట్లాడాలో నాకు సహజంగా రాదు. ఒక సీరియల్లో వదిన పాత్రను చూసి నేర్చుకున్నాను. ‘భోంచేశారా అండీ’ అని ఎప్పుడు అడగాలి, ఎంత నవ్వాలి, ఎప్పుడు తల పక్కకి వాల్చాలి, అన్నీ ఆవిడవే. ఆఫీసులో అందరూ నన్ను కలుపుగోలు మనిషి అంటారు. ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం. లైటు తీసేసి పడుకుంటాను, అమ్మతో కూడా మాట్లాడలేను. దీన్ని మాస్కింగ్ అంటారు. రోజంతా ఇలా దాచుకోవడం వల్ల అలసట, ఆందోళన పెరుగుతాయని దీనిమీద పనిచేసినవాళ్లు రాశారు. వేషం వేయడం తప్పు అని నేననడం లేదు. బాబుని మెచ్చుకోండి. వాడు వార్తల గొంతు లేకుండా తడబడినా వినే మనుషులు ఇంట్లో ఉన్నారో లేదో అది కూడా చూడండి.

జవాబు:
అమ్మా, ఈ చర్చలో నాకు బాగా అక్కరకొచ్చిన మాట మీది. జార్జ్ కెల్లీ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1955లో రాసిన పుస్తకంలో ఒక చికిత్స చెప్పాడు. వచ్చిన మనిషికి వేరే పేరుతో ఒక పాత్ర రాసిచ్చి, రెండు వారాల పాటు ఆ మనిషిలా బతికి చూడమంటాడు. గడువు ముందే ఉంటుంది, ఇది పాత్ర అని ఇద్దరికీ తెలిసే ఉంటుంది. 2017లో అచ్చయిన ఇంకో పరిశోధనలో నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు విసుగు పుట్టించే పని ఇచ్చారు. తమను బ్యాట్‌మ్యాన్ లాంటి వీరులుగా ఊహించుకున్నవాళ్లు అందరికంటే ఎక్కువసేపు పని చేశారు. అదీ కాసేపటి ఆటే. మా నటులు కూడా తెల్లవారేసరికి రంగు కడుక్కుని టీ కొట్టు దగ్గర మామూలు మనుషులైపోతారు. మీకు ఆ తెల్లవారడం దొరకడం లేదు. తప్పు మీ వేషానిది కాదు, మీరు మీలా ఉంటే ఒప్పుకోని మనుషులది.

మా వాడి బడికి ఈ వారమే వెళ్తాను. వార్తల గొంతులో చెప్పినా జవాబు జవాబే అని ఆ ఉపాధ్యాయులతో చెబుతాను. ఇంట్లో మాత్రం వాడు తడబడితే తొందరపెట్టవద్దని మా చెల్లికి ఇప్పటికే చెప్పాను.

మాట దగ్గరికి వస్తే, వేషం వేయడానికి ఇన్ని క్రియలు దొరికాయి, తీసేయడానికి ‘విప్పు’ ఒక్కటే నాకు తడుతోంది. టెక్కలి, నరసన్నపేట వైపు తూర్పు భాగవతం మేళాలతో పరిచయం ఉన్నవాళ్లు చెప్పండి: సత్యభామ వేషం వేసినాయన ఆట అయ్యాక వేషం విప్పుతాడా, దించుతాడా? మీ దగ్గర ఇంకో మాట ఉంటే, విన్నది విన్నట్టు యాసతోనే రాయండి.