‘నళినీదళ సంస్థితమై’యా, ‘సంస్థిరమై’యా? నీరంటని గాజుకు ఒక మాట కావాలి

గాజుపలక: సభ్యులకు నమస్కారం. నీరు నిలవని, మరక పట్టని, ఒక్క తుడుపుతో శుభ్రపడే గాజును ఎలా తయారుచేస్తారన్న విషయం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఎత్తుగడకు, భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు సుభాషితంలోని (నీరు కాలిన ఇనుము మీద నశిస్తుంది, తామరాకు మీద ముత్యంలా ఉంటుంది, ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది; అధముణ్ణి, మధ్యముణ్ణి, ఉత్తముణ్ణి కొలిచేవారి గతీ అంతే) రెండో పాదం పెట్టుకుందామనుకుంటే, అది నా నోటికి ‘నీరమె ముత్యమట్లు నళినీదళ సంస్థిరమై తనర్చు’ అని వస్తోంది. అచ్చుప్రతిలో ‘సంస్థితమై’ అని ఉంది. అయినా చిన్నప్పుడు విన్నది ‘సంస్థిర’ అనేదే అన్న నమ్మకం నన్ను వదలడం లేదు. ఆ ఒక్క అక్షరం తేల్చండి. వీలైతే ఆ గాజు గుణానికి ఒక మాట కూడా చెప్పండి. ‘హైడ్రోఫోబిక్’ (నీరంటే భయపడేది) అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

యతిమైత్రి: ఛందస్సు మీకు సాయపడదు. ఉత్పలమాలలో యతి పదో అక్షరమైన ‘నీ’ మీద పడింది, ప్రాసాక్షరం రేఫ (రకారం). మీరడిగేది పదిహేనో అక్షరం, వట్టి లఘువు. అక్కడ ‘త’ ఉన్నా ‘ర’ ఉన్నా భగణం చెడదు. అయితే భర్తృహరి మూలంలో ‘నలినీపత్రస్థితం రాజతే’ అని ఉన్నది కనుక ‘స్థిత’మే సాధువు. ఇక చర్చ అనవసరం.

ఆకుపసరు: చర్చ అవసరమే, యతిమైత్రి గారూ. మూలంలో ఉన్నదల్లా అనువాదంలో ఉండాలన్న నియమం లక్ష్మణకవికి లేదు. మూలంలో ముత్యపుచిప్పలో చినుకు పడే స్వాతికార్తెను ఆయన వదిలేశారు. ‘సంసర్గతో జాయతే’ అన్న చోట ‘గొల్చువారికిన్’ అని, సహవాసాన్ని కొలువుగా మార్చేశారు. ఇంత చనువు తీసుకున్న కవికి ఒక్క తకారం అడ్డమా? నేను ‘స్థిర’ను ఒప్పుకోకపోవడానికి కారణం వేరు. తామరాకు మీద బొట్టు స్థిరంగా ఉండనే ఉండదు. శంకరులదిగా చెప్పే శ్లోకంలో ‘నలినీదలగతజలమతితరలం’ (తామరాకు మీది నీరు మిక్కిలి చంచలం) అన్నది అందుకే. గాలి తగిలితే చాలు, పాదరసంలా పరుగెత్తుతుంది.

అరసున్న: ఆ శ్లోకాన్ని మనం పాడేటప్పుడు నళినీ, దళ, తరళ అని ముగ్గురినీ ళకారంలో ముంచుతాం. జలాన్ని మాత్రం ‘జళం’ అనం. అన్నిటికీ ళకారం అంటింది, నీటికొక్కదానికే అంటలేదు. గాజుపలక గారి వ్యాసానికి ఎత్తుగడ ఇదే అయితే బాగుంటుందని నా మనవి.

బీకరు: రసికుల మధ్య దూరుతున్నందుకు మన్నించాలి. మీరు ఒకటనుకుంటున్నవి రెండు వేరువేరు గుణాలు. ‘ముత్యమట్లు’ అన్నది బొట్టు ఆకారానికి సంబంధించినది. నీటి అంచు ఉపరితలంతో చేసే స్పర్శకోణం దాన్ని నిర్ణయిస్తుంది. దీని లెక్కను థామస్ యంగ్ 1805లోనే చెప్పాడు. ‘అతితరలం’ అన్నది చలనానికి సంబంధించినది. పలకను ఎంత వంచితే బొట్టు కదులుతుందన్నది దాని కొలత. మొదటిది ఉన్నచోట రెండోది ఉండి తీరాలన్న నియమం లేదు. గులాబి రేక మీద నీరు ముత్యంలాగే గుండ్రంగా నిలుస్తుంది, కాని రేకను తలకిందులు చేసినా రాలదు.

గాజు సంగతికి వస్తే, బాగా శుభ్రంచేసిన గాజు ఉపరితలం నిండా సిలికాన్‌ను పట్టుకున్న హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) సమూహాలు ఉంటాయి. అవి నీటిని హైడ్రోజన్ బంధాలతో పట్టుకోవడం వల్ల స్పర్శకోణం 10 డిగ్రీల లోపే ఉండి, నీరు పొరలా పరుచుకుంటుంది. ఆ హైడ్రాక్సిల్‌లకే ఫ్లోరోఆల్కైల్ సిలేన్ (ఫ్లోరిన్ తోకలున్న సిలికాన్ సమ్మేళనం) అణువులను తగిలిస్తే, వాటి ఫ్లోరిన్ తోకలు బయటికి నిలబడి కోణం 110 చుట్టుపక్కలకు చేరుతుంది. నునుపైన తలం మీద ఏ పూత పూసినా 120 దాటడం జరగదు. తామరాకుది 150కి పైమాట. దానికి మైనం ఒక్కటే చాలదు, ఆకు మీది సన్నటి బొడిపెల మధ్య గాలి చిక్కుకోవాలి. నీరు చాలామటుకు గాలి మీదే కూర్చుంటుంది. ఈ గాలి లెక్క 1944 నాటి కాసీ, బాక్స్టర్‌లది. తామరాకు తనను తాను శుభ్రం చేసుకునే తీరును వృక్షశాస్త్రవేత్తలు బార్ట్‌లాట్, నైన్‌హైస్ 1997లో వివరించారు. మరి గాజును కూడా గరుకు చేస్తే పోదా అంటే, ఆ గరుకు వెలుగు తరంగదైర్ఘ్యానికి దగ్గరపడేసరికి గాజు మసకబారుతుంది. సన్నగా ఉంచితే నాలుగుసార్లు గట్టిగా రుద్దేసరికి అరిగిపోతుంది.

యతిమైత్రి: అంటే ‘సంస్థిత’మేనన్న మాట.

బీకరు: నేను ఆ మాట అనలేదండీ.

కొలిమి: మొదటి పాదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ‘తప్తలోహమున నిల్చి యనామకమై నశించు’ అన్నారు కదా. ఇనుము సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటి కాలితే నీటిబొట్టు వెంటనే నశించదు, తన ఆవిరి మీదే తేలుతూ ముత్యంలా దొర్లుతుంది. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ దీన్ని 1756లో వర్ణించాడు. కాబట్టి కవి అధముడికీ మధ్యముడికీ చెప్పిన రెండు ఉపమానాల్లోనూ బొట్టు గుండ్రమే, రెండింటిలోనూ అడుగున ఉన్నది గాలో ఆవిరో. లక్ష్మణకవి ‘నిల్చి’ అన్న మాట వేయడం ఊరికే కాదని నా అనుమానం.

యతిమైత్రి: ఆ ‘నిల్చి’ యతి కోసం వేసినదండీ. ‘నీ’కి ‘ని’.

గాజుపలక: బీకరు గారి మాట పట్టుకుని నేనే చేసి చూశాను. ఒక పలకను సగం వరకు స్పిరిట్‌తో తుడిచి, నీరు పట్టనివ్వని పూత ద్రవం రాసి, అది ఆరి తెల్లగా మసకకట్టాక పొడిగుడ్డతో రుద్దాను. నీరు చల్లితే పూత లేని వైపు పలచటి పొర అయింది, పూత ఉన్న వైపు బొట్లుబొట్లుగా విడిపోయింది. పలకను వంచాను. పెద్ద బొట్లు దారిలోని చిన్నవాటిని కలుపుకుంటూ జారిపోయాయి. ఆవగింజంత బొట్లు మాత్రం పలకను నిలువునా పెట్టినా కదలలేదు. పొద్దున్న చూస్తే, కదలని ప్రతి బొట్టు చోటా తెల్లటి సున్నపు వలయం ఉంది; పూత ఉన్నందువల్ల తడిగుడ్డతో తేలిగ్గానే పోయింది. అందుకని అడుగుతున్నాను: తామరాకుకు ‘సంస్థిర’ కుదరకపోవచ్చు, కాని నా గాజుకు అదే కదా సరైన మాట?

ఆకుపసరు: గాజు కోసం పద్యాన్ని దిద్దుతారా!

అరసున్న: పద్యం పక్కన పెట్టి మాట చూద్దాం. ‘జలభీతి’ పనికిరాదు, అది పిచ్చికుక్క కాటు రోగం. ‘జలవికర్షక’ అన్నది గంభీరంగా ఉంది కాని అబద్ధం. గాజు నీటిని నెట్టడం లేదు. నీటికి పూత మీద కంటే తన మీద తనకు మక్కువ ఎక్కువ, అంతే. నన్నడిగితే తెలుగులోనే చక్కటి జంట ఉంది: అంటు, ముట్టు. ‘అంటీముట్టనట్టు’ అని కలిపి వాడి రెంటినీ ఒకటి చేసేశాం కాని, ముట్టడమంటే తగలడం, అంటడమంటే పట్టుకోవడం. బొట్టు గాజును ముడుతుంది, అంటదు. ‘నీరంటని గాజు’ అనండి.

ఆకుపసరు: ‘లిప్యతే న స పాపేన పద్మపత్రమివాంభసా’ (తామరాకుకు నీరు అంటనట్టే అతడికి పాపం అంటదు) అన్న గీతావాక్యం కూడా అదే చెబుతోంది. లేపం కాకపోవడమే అసలు గుణం. గుండ్రంగా ఉండడం, దొర్లడం తరువాతి మాటలు. మరక పట్టని గాజుకు ‘నిర్లేప’ అన్నది ఇంకా నిగ్గైన మాట.

బీకరు: ‘నీరంటని’ని ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. సులభంగా శుభ్రపడే గాజులన్నిటికీ దాన్ని వాడకండి. టైటానియం డయాక్సైడ్ పూతతో పిల్కింగ్టన్ సంస్థ 2001లో విడుదల చేసిన గాజు దీనికి పూర్తిగా తిరగబడిన రకం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే ఆ పూత జిడ్డును విరగ్గొడుతుంది. పైన పడిన వాన బొట్టు కట్టకుండా పొరలా పరుచుకుని మురికిని కడుక్కుపోతుంది. దానికి నీరు బాగా అంటాలి. అంటడమే దాని శుభ్రత.

కొలిమి: అయితే దానికి ఏ పద్యం?

గాజుపలక: దానికి పద్యం అక్కర్లేదండీ, ముందు దీనికి తేలనివ్వండి. ‘నీరంటని’ రాసుకున్నాను. తరువాతి వాక్యంలో ‘బొట్టు గాజు మీద దొర్లిపోతుంది’ అని రాసి ఆగాను. నా పలక మీద అది దొర్లలేదు, జారింది.

బీకరు: నునుపు పూత మీద జారుతుంది, తామరాకు లాంటి గరుకు మీద దొర్లుతుంది. ‘జారి’ అని మార్చండి.

యతిమైత్రి: మార్చే ముందు ఆ రేఫ సాధురేఫమో (ర), శకటరేఫమో (ఱ) నిఘంటువు చూసి చెబుతాను, కాస్త ఆగండి.