బయాప్సీ రిపోర్టులో ‘సీడీ20 పాజిటివ్’ అంటే గడ్డ పెరగడానికి అదే కారణమా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మా నాన్నగారి మెడ దగ్గర వాచిన లింఫ్ గ్రంథిని తీసి పరీక్షిస్తే డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ అని తేలింది. రిపోర్టులో సీడీ20 పాజిటివ్, సీడీ3 నెగటివ్ అని ఉంది. ఇవి కణం పైపొర మీద ఉండే ప్రోటీన్లని చదివాను. అయితే గడ్డను పెంచుతున్నది ఈ సీడీ20యేనా? ‘పాజిటివ్’ అన్న మాట విన్నప్పటి నుంచి మా అమ్మ సరిగా అన్నం తినడం లేదు.

జవాబు (విజయవాడ, పాథాలజీ వైద్యురాలు):
ఆ మాట వ్యాధి తీవ్రతను చెప్పేది కాదని ముందుగా అమ్మగారికి చెప్పండి. బీ కణాలు, టీ కణాలు అనేవి శరీరాన్ని కాపాడే రెండు రకాల తెల్ల రక్తకణాలు. సీడీ20 ఆరోగ్యవంతుల బీ కణాల మీద కూడా ఉంటుంది, సీడీ3 టీ కణాలకు గుర్తు. కాబట్టి ఆ రెండు పదాలు కలిసి ఈ గడ్డ బీ కణాల నుంచి పుట్టిందని మాత్రమే చెబుతున్నాయి. రిపోర్టులు రాసే మేము ఇంత చిన్న సంగతిని రోగి ఇంటివారికి వివరించకపోవడం తప్పేనని నా అభిప్రాయం.

పెరుగుదలకు ఊతమిచ్చే వాటిలో ముఖ్యమైనది అదే పొర మీద ఉండే బీ సెల్ రిసెప్టర్. మామూలుగా సూక్ష్మక్రిమి వంటిది తగిలినప్పుడు అది సీడీ79ఏ, సీడీ79బీ అనే తోడు ప్రోటీన్ల ద్వారా, లోపలి బీటీకే ఎంజైము మీదుగా, కణాన్ని బతికి విభజన చెందమనే సంకేతం పంపుతుంది. మీ నాన్నగారి వ్యాధిలోని ఏబీసీ అనే ఉపరకంలో కొందరికి సీడీ79బీ జన్యువు మారిపోయి, ఆ సంకేతం ఆగకుండా సాగుతూనే ఉంటుంది.

జవాబు (తెనాలి, క్యాన్సర్ వైద్యుడు):
మేడమ్ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. చికిత్సకు సీడీ20 ఉండటమే మేలు. రిటుక్సిమాబ్ మందు దానికే అతుక్కుని, శరీరంలోని రక్షక కణాలకు ఆ కణాన్ని పట్టిస్తుంది. అమెరికాలో 1997లో అనుమతి పొందిన ఈ మందును పోలి అలాగే పనిచేసే బయోసిమిలర్‌ను హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్ 2007లో మన దేశంలో తెచ్చింది. ఎముక మజ్జలోని మూలకణాల మీద సీడీ20 లేదు కనుక చికిత్స ముగిశాక కొన్ని నెలలకు కొత్త బీ కణాలు మళ్లీ పుడతాయి. మొదటి డోసుకు ముందు హెపటైటిస్ బీ పరీక్ష తప్పనిసరిగా చేయించండి. లోపల అణగి ఉన్న ఆ వైరస్ ఈ మందుతో తిరగబెట్టవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఒకవేళ వ్యాధి తిరిగి వస్తే అప్పుడూ సీడీ20 ఉంటుందా?

జవాబు (విజయవాడ, పాథాలజీ వైద్యురాలు):
చాలామందిలో ఉంటుంది, కొందరిలో కణాలు దాన్ని పోగొట్టుకుంటాయి. అందుకే పాత రిపోర్టు మీద ఆధారపడకుండా వీలైతే మళ్లీ బయాప్సీ చేయించాలి. అలాంటప్పుడు రోగి సొంత టీ కణాలనే మార్చి, సీడీ19 అనే మరో పైపొర ప్రోటీనును గురిపెట్టేలా చేసే కార్-టీ చికిత్స గురించి ఆలోచిస్తారు. మన దేశంలో రూపొందిన అలాంటి చికిత్సకు 2023లో అనుమతి లభించింది.