ఖాన్‌ని ఎప్పుడూ ‘నీళ్లు’ అనే రాయాలా? ఐ చింగ్ ట్రైగ్రామ్‌ల పేర్ల గొడవ

ఊటబావి:
నిన్న రాత్రి చైనా పాత జోస్య గ్రంథం ఐ చింగ్ చూద్దామని మూడు నాణేలు ఆరుసార్లు వేస్తే 48వ హెక్సాగ్రామ్ (ఆరు గీతల గుర్తు) వచ్చింది. పేరు చింగ్, అంటే బావి. కింది నుంచి చదివితే తెగిన గీత, నిండు, నిండు, తెగిన, నిండు, తెగిన. కింది మూడు గీతల ట్రైగ్రామ్ శున్, పై మూడింటిదీ ఖాన్. నోట్‌బుక్‌లో ‘గాలి మీద నీళ్లు’ అని రాసుకుని అరగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. బావికీ గాలికీ ఏం సంబంధం? ఛియెన్ ఆకాశం, ఖున్ భూమి, జెన్ ఉరుము, ఖాన్ నీళ్లు, గెన్ కొండ, శున్ గాలి, లీ నిప్పు, ద్వే సరస్సు. ఇక్కడ అందరం ఈ పట్టికే వాడదామని ఇదివరకు అనుకున్నాం. అది మనల్ని తప్పుదారి పట్టిస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది. మీరేమంటారు?

నిండుగీత:
పట్టిక జోలికి పోకండి. చైనా వాళ్లు కూడా దీన్ని ‘ష్వెయ్ ఫంగ్ చింగ్’ అనే అంటారు. నీళ్లు, గాలి, బావి. 64 పేర్లూ గుర్తుపెట్టుకోవడానికి వాళ్లకున్న పద్ధతే అది. ఒకరు మబ్బు అని, ఇంకొకరు ఊట అని రాస్తూ పోతే రేపు పాత పోస్టు వెతుక్కోవడం ఎలా? ఇంకో మాట. గీతలు లెక్కపెట్టేది కింది నుంచే అయినా, పేరు చెప్పేటప్పుడు పైది ముందు. 11వది ‘భూమి, ఆకాశం’, 12వది ‘ఆకాశం, భూమి’. ఈ వరస తారుమారైతే శాంతికి సూచనైన తాయ్ కాస్తా ప్రతిష్టంభన చెప్పే ఫీ అయిపోతుంది. ఇక్కడ సగం మంది చేస్తున్న తప్పు ఇదే.

తూర్పుగది:
వరస విషయంలో నిండుగీత గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. పట్టిక విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ‘పది రెక్కలు’ అనే పాత వ్యాఖ్యానాల్లో ప్రతి హెక్సాగ్రామ్‌కీ ఒక దృశ్యం చెప్పారు. అందులో ఖాన్ ఎన్ని రకాలుగా కనిపిస్తుందో చూడండి. 3వ దాంట్లో ఖాన్ ఉరుముకి పైన ఉంది కాబట్టి మబ్బు. 40వ దాంట్లో అదే ఖాన్ ఉరుము కిందికి దిగింది, అప్పుడు వాన. 4వ దాంట్లో కొండ కింద ఉంది, అక్కడ ఊట. ఒకే మూడు గీతలు. మబ్బు పట్టి ఉండడం, వాన కురిసేయడం ఒకటెలా అవుతాయండీ? 3వది మొదట్లో పడే కష్టం గురించి, 40వది విడుదల గురించి. రెండు చోట్లా ‘నీళ్లు’ అని రాస్తే ఆ తేడా అంతా ఎగిరిపోయింది.

మీ బావి సంగతికి వస్తే, అక్కడ శున్‌ని ‘చెక్క’ అన్నారు, గాలి అనలేదు. చెక్క మీద నీళ్లు. నీళ్లలోకి దిగి నీళ్లను పైకి తెచ్చేదని ఇంకో వ్యాఖ్యానం. చెక్క చేద బావిలోకి దిగడం, నిండి పైకి రావడం కళ్లకు కట్టట్లేదూ? శున్ అంటే చొచ్చుకుపోవడం అనే అర్థం కూడా ఆ వ్యాఖ్యానాల్లోనే ఉంది. గాలి చొరబడుతుంది, వేరు చొరబడుతుంది, చేద కూడా అంతే.

నిండుగీత:
బాగుంది. కానీ ఇలా సందర్భాన్ని బట్టి మారుస్తూ పోతే ఎక్కడ ఆగుతారు? 2-3-4 గీతలు ఒక ట్రైగ్రామ్, 3-4-5 ఇంకొకటి అంటూ లోపల దాక్కున్నవాటిని కూడా తీసేవాళ్లున్నారు. ఆ లెక్కన ఈ బావిలో ద్వే, లీ ఉన్నాయి. బావిలో సరస్సూ నిప్పూనా? ఐ చింగ్ వ్యాఖ్యాత వాంగ్ బీ (226–249) విసిగిపోయింది సరిగ్గా ఇందుకే. దృఢత్వం అనే అర్థం దొరికాక ఛియెన్‌కి గుర్తుగా గుర్రమే కావాలా అన్నాడాయన. ఆయనకు ముందటి హాన్ రాజవంశ కాలం పండితులు గీతల్లోంచి ఏది కావాలంటే అది లాగారు.

రాతిమెట్లు:
లోపలి ట్రైగ్రామ్‌లను అంత తేలిగ్గా తీసేయకండి. ‘జ్వో జ్వాన్’ అనే పాత చైనా చరిత్ర గ్రంథంలో క్రీ.పూ. 672 కింద ఒక సంఘటన ఉంది. చెన్ అనే రాజ్యపు రాజకుమారుడికి చూసిన జోస్యంలో గ్వాన్ (20) నాలుగో గీత మారి ఫీ (12) అయింది. ఖున్ నేల, శున్ గాలి, ఛియెన్ ఆకాశం అని చెప్పి, ఆ వెంటనే ‘కొండ’ అంటాడు జోస్యుడు. పైనా కిందా ఎక్కడా కొండ లేదు. కానీ ఫీలో 2-3-4 గీతలు చూడండి: తెగిన, తెగిన, నిండు. అది గెన్. వ్యాఖ్యాత దూ యూ ఇచ్చిన వివరణ ఇదే.

తూర్పుగది:
దూ యూ క్రీ.శ. 3వ శతాబ్దం వాడండీ. జోస్యానికీ ఆయనకీ మధ్య తొమ్మిది వందల ఏళ్లు దాటాయి. మూలంలో ఉన్నది ‘గాలి ఆకాశమై నేల మీద నిలిచింది, అది కొండ’ అని మాత్రమే. జోస్యుడు 2-3-4 లెక్కపెట్టినట్టు అందులో లేదు. ట్రైగ్రామ్‌లు చదివి జోస్యం చెప్పడం పాతదని మాత్రం ఒప్పుకుంటాను. క్రీ.పూ. 300 ప్రాంతపు వెదురు పలకలు, ఇప్పుడు చింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో ఉన్నవి, వాటిలో నాలుగేసి ట్రైగ్రామ్‌లు పెట్టి చదివే పద్ధతి ఉంది.

ఊటబావి:
అందరికీ థాంక్స్. దాక్కున్న ట్రైగ్రామ్‌ల సంగతి నాకింకా తేలలేదు. పేర్ల విషయంలో మాత్రం మనసు కుదుటపడింది. ఇకనుంచి చైనా పేర్లే ముందు రాస్తాను, పైది మొదట: ఖాన్, శున్. వెతుక్కోవడానికి నిండుగీత గారికీ ఇబ్బంది ఉండదు. పక్కన ఆ హెక్సాగ్రామ్‌లో అవి ఏమై కనిపిస్తున్నాయో తెలుగులో. నోట్‌బుక్‌లో గాలి కొట్టేసి ‘చేద’ అని రాశాను. ఇప్పుడు 5వ హెక్సాగ్రామ్ తీశాను. ఆకాశం పైన ఖాన్. తూర్పుగది గారూ, ఇక్కడా మబ్బేనా?

తూర్పుగది:
మబ్బే. ఆకాశంలోకి ఎక్కింది, ఇంకా కురవలేదు. ఆ హెక్సాగ్రామ్ పేరు శూ, అంటే ఎదురుచూడటం.