‘టేల్స్ ఆఫ్ ది సిటీ’ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అమెరికన్ రచయిత ఆర్మిస్టెడ్ మాపిన్ రాసిన శాన్ ఫ్రాన్సిస్కో సీరియల్ నవలలు చదవాలనుంది. నాలుగో భాగం చేతికొచ్చింది, దాంతో మొదలుపెట్టొచ్చా? అధ్యాయాలు మరీ పొట్టిగా ఉన్నాయేంటి?

జవాబు: నాలుగోదానితో వద్దండీ. 1984లో వచ్చిన ‘బేబీకేక్స్’ అది. ఎయిడ్స్‌ని ప్రస్తావించిన తొలి నవలల్లో ఒకటి. అందులో ఒక మరణం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ఆ మనిషితో ముందు భాగాల్లో నవ్వి ఉంటేనే ఆ లోటు తగులుతుంది. వరస ఇదీ: మొదటి భాగం 1978లో, రెండోది 1980లో, మూడోది 1982లో, ఆ తర్వాత ఇది.

జవాబు: పొట్టి అధ్యాయాలకి కారణం దినపత్రిక. 1976లో ఈ కథ ‘శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్’ పత్రికలో వారానికి ఐదు రోజులు, రోజుకి సుమారు 800 మాటల చొప్పున వచ్చేది. అందుకే వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. క్లీవ్‌లాండ్ నుంచొచ్చిన మేరీ ఆన్, గే కుర్రాడు మైకేల్, ఆడవాళ్ల వెంటపడే బ్రయన్, అందరూ 28 బార్బరీ లేన్‌లో మిసెస్ మాడ్రిగల్ ఇంట్లో అద్దెకుంటారు. కొత్తగా చేరిన మేరీ ఆన్ తలుపుకి ఆవిడ టేపుతో గంజాయి సిగరెట్ అంటిస్తుంది, స్వాగతం అన్నట్టు! ఒక్క వస్తువుతో మొత్తం ఇంటి తీరు తెలిసిపోతుంది.

జవాబు: ఒక్క బిగిన ముప్ఫై అధ్యాయాలు చదివితే యాదృచ్ఛికాలు మరీ ఎక్కువనిపిస్తాయి. రోజుకి నాలుగైదు చాలు. రెండో భాగంలో మైకేల్ తన అమ్మకి రాసే ఉత్తరం మాత్రం నిదానంగా చదవండి. గే హక్కులకి వ్యతిరేకంగా 1977లో గాయని అనిటా బ్రయంట్ నడిపిన ప్రచారానికి సూటి జవాబది.